అత్తయ్య పెంచిన అడ్డసరం

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఎవరైనా అంటే మా అత్తయ్యకు ఒళ్ళు మండేది. "అయితే మా ఆకు మీ పెరట్లోకి విసిరేస్తాను, ఏరుకోండి. అప్పుడు పనిచేస్తుందేమో చూద్దాం" అనేది. మాట అలా అనేదే గానీ ఆకు కోసం వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపిన పాపాన పోలేదు. మిరప కోతలు మొదలయ్యాయంటే మా గుమ్మం ముందు దగ్గులే దగ్గులు. కోతకు పోయే ఆడవాళ్ళు, కల్లంలో రంగు పోయిన తాలుకాయ ఏరేవాళ్ళు, బస్తాల్లో కాయ తొక్కేవాళ్ళు, అందరూ వచ్చి నిలబడి దగ్గేవాళ్ళు. దగ్గితే చాలు, వేరే నోరు తెరిచి అడగక్కర్లేదు. ఆవిడ బయటికొచ్చి ఆ దగ్గు వినీ వినగానే "నీది కాయ ఘాటుకొచ్చిన దగ్గు, రెండు పూటలు తాగు, పోతుంది" అనో, "నీది ఘాటు దగ్గు కాదమ్మాయ్, ఆసుపత్రికి పో" అనో తేల్చేసేది.

మా దొడ్లో ఉత్తరపు దడి పొడుగునా అడ్డసరమే. ఆ మొక్క మా ఊరిది కాదు. ఆవిడ కాపురానికి వచ్చేటప్పుడు అద్దంకి దగ్గరున్న పుట్టింటి నుంచి రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. చీరల పెట్టె బస్సులో మర్చిపోయి దిగిందనీ, కొమ్మలు మాత్రం మర్చిపోలేదనీ మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేసేవారు. తొలకరి పడగానే బొటనవేలి లావు కొమ్మను జానెడు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేటట్టు ఏటవాలుగా గుచ్చితే చాలు, బతికేస్తుంది. ఎరువు అడగదు. నీళ్ళు పోస్తే తాగుతుంది, పోయకపోతే ఊరుకుంటుంది. పచ్చి ఆకు వాసన ఎంత చెడ్డదంటే మేక కూడా మూతి పెట్టి, తల విదిలించుకుని పోతుంది. అందుకని దానికి కాపలా అక్కర్లేదు, దొడ్డికి అదే కాపలా. చలికాలంలో తెల్లటి పూలు పూస్తుంది. పిల్లలు వాటిని పీకి కాడ వైపు చీకుతారు, కాస్త తియ్యగా ఉంటాయి. అంత చేదు మొక్కకి ఆ మాత్రం తీపి ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలియదు.

దడి దాటితే మా మిరప చేను. మందు కొట్టే రోజు ఆవిడ హడావుడి చూసి తీరాలి. పాత చీరలన్నీ తీసి అడ్డసరం మీద కప్పి, ఎగిరిపోకుండా కొసలకు రాళ్ళు కట్టేది. అయినా గాలి ఇటు తిరిగిందంటే చేలోకే పోయి మా ఆయన మీద అరిచేది. "ఒరేయ్, ఆపరా ఆ పంపు! నలుగురు తాగే ఆకు మీద విషం పోస్తావా?" ఆయన పంపు దించి, గాలి పడిపోయేదాకా గట్టు మీద కూర్చునేవాడు. పక్క చేలవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఏం చేస్తాం, తల్లి మాట.

నేను ఈ ఊరిదాన్ని కాదు. మా పుట్టిల్లు చీరాల పక్కన, సముద్రపు గాలి తగిలే ఊరు. కాపురానికొచ్చిన మొదటి ఏడు కల్లంలో కాయ ఆరబోస్తుంటే నా కళ్ళూ ముక్కూ ఏకమైపోయాయి. మాట్లాడబోతే మాట రాదు, దగ్గే వస్తుంది. "చీరాల పిల్ల చేపల వాసనకు బతుకుతుంది గానీ మిరప ఘాటుకు బతకదే" అని కూలీకొచ్చిన ఆడవాళ్ళు నవ్వారు. "మీ మొగుళ్ళు మా ఊరొచ్చి చేపముల్లు గొంతులో ఇరుక్కుని ఏడ్చినప్పుడు మేమూ ఇట్లాగే నవ్వాంలే" అన్నాను. నాకు నోరెక్కువ, ముందే చెప్పేస్తున్నాను. ఆ పూట అత్తయ్య గ్లాసుతో అడ్డసరం కషాయం ఇస్తే ఒక్క గుక్క మింగి, రెండో గుక్క ఆవిడ కాళ్ళ మీదే కక్కాను. చేదంటే నాకు చచ్చేంత అసహ్యం. కాకరకాయ వండిన పూట పచ్చడి మెతుకులు తిని లేచిపోయే రకాన్ని. ఆవిడ కోప్పడలేదు. కాళ్ళు కడుక్కునొచ్చి "సరేలే, నీకు మిరియాల కషాయం పెడతాలే" అంది. అప్పట్నుంచి ప్రతి ఏడూ కోతలప్పుడు నాకు వేరే గ్లాసు. మిరియాలు, అల్లం, బెల్లం కలిసి కారంగా తియ్యగా ఉండేది. అది తాగితే నాకు దగ్గు తగ్గేది. చూశారా, మీ అడ్డసరం లేకుండానే తగ్గింది అని నేను ఎద్దేవా చేస్తే, "అవునులేవే" అని నవ్వేది.

ఆకు ఇవ్వడంలో ఆవిడకొక కట్టుబాటు ఉండేది. పెళ్ళయిన ఆడది ఎవరొచ్చినా ముందు "నెల తప్పలేదు గదా?" అని అడిగేది. నీళ్ళోసుకున్న మనిషికి అడ్డసరం పడకూడదు, కడుపు నిలవదు అని వాళ్ళమ్మ చెప్పిందట. కొత్త పెళ్ళికూతుళ్ళు సిగ్గుతో తల దించుకుంటే "సిగ్గు తర్వాత పడుదువుగాని, ముందు చెప్పు" అని గదిమేది. ఏ మాత్రం అనుమానం వచ్చినా ఇంత తులసాకు చేతిలో పెట్టి పంపేసేది. ఆ పిల్ల ఎంత దగ్గినా, ఎంత బతిమాలినా అంతే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

మొదట్లో నన్నూ అడిగేది. ఆకు కోసం కాదు, ఆశ కొద్దీ. రెండో ఏడు నాకు కొన్నాళ్ళు ఆలస్యమైంది. అడిగితే "అవునత్తయ్యా, రాలేదు" అన్నాను. సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. ఒకావిడ సున్నుండలు తెచ్చింది, ఒకావిడ పుల్లమామిడికాయలు తెచ్చింది, ఒకావిడ నా నడక చూసి మగపిల్లాడే అని కూడా చెప్పేసింది. ఇంకో రెండ్రోజులకు బయట చేరాను, అంతా అయిపోయింది. ఆ సున్నుండల డబ్బా తిరిగి ఇవ్వలేను, తినలేను. ఆ వారమంతా ఎదురుపడ్డ ప్రతి మనిషీ నా పొట్ట వంక చూసి "అయ్యో" అనేది. ఆ అయ్యోలు భరించలేక ఒకనాడు అత్తయ్య మీద ఇంతెత్తున లేచాను. "ఇంకోసారి నన్ను నెల తప్పిందా అని అడిగారంటే బావిలో దూకుతాను!" ఆవిడ మొహం నల్లబడిపోయింది. "అడగనులేమ్మా, ఇంకెప్పుడూ అడగను" అంది. అన్న మాట మీద నిలబడింది. నెలకోసారి నేను తలంటుకుని తడి జుట్టుతో బయటికొస్తే అటు తిరిగి ఏదో పని చూసుకునేది గానీ, పెదవి కదిపేది కాదు.

పిల్లల కోసం మేం పడ్డ పాట్లు చెప్పుకుంటే అదో భారతం. గుంటూరు డాక్టర్లు, పరీక్షలు, పొట్టకూ జబ్బకూ సూదులు, మొక్కని దేవుడు లేడు. సీమంతాలకు పిలిచి నన్ను వెనక వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒక పేరంటంలో ఒకావిడ చాటుగా నన్ను గొడ్రాలు అన్న మాట అత్తయ్య చెవిన పడింది. వాయనం పళ్ళెం అక్కడే పెట్టేసి నా చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చింది. ఆ ఇంటివాళ్ళతో మళ్ళీ మాట్లాడలేదు. నేను గయ్యాళినే, ఒప్పుకుంటాను. ఆవిడ నాకంటే గయ్యాళి, నా తరఫున.

ఏడో ఏడు, తొలి కోతలు ఇంకా మొదలు కాకముందు, నేను పుట్టింట్లో ఉండగా నాకు నెల తప్పింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఇంకొన్నాళ్ళు ఆగి, అమ్మా నేనూ చీరాలలో స్కానింగ్‌కు వెళ్ళాం. డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి చిక్కుడు గింజంత మచ్చ చూపించింది. ఏదో మీట నొక్కింది. గదంతా టకటకా టకటకా. "గుండె కొట్టుకుంటోందమ్మా, బాగుంది" అంది. అమ్మ చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ చప్పుడు ఆపొద్దండీ, ఇంకాసేపు ఉంచండీ అని అడిగాను. ఆవిడ నవ్వి ఇంకాసేపు వినిపించింది.

దారిలో అమ్మ ఒట్టు పెట్టించుకుంది. "మూడో నెల నిండేదాకా నోరు విప్పకు. మీ అత్తకు కూడా చెప్పకు. మంచి మనిషే, కాదన్ను. కానీ ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మళ్ళీ ఊరు ఊరంతా సున్నుండలు మోసుకొస్తారు, మళ్ళీ దిష్టి." మూడో నెల దాకా చెప్పకపోవడం మా వైపు మామూలే, కొత్తేం కాదు. మా ఆయనకు మాత్రం చెప్పాను. నన్ను తీసుకుపోవడానికి వచ్చి చీరాల బస్టాండులో నా చెయ్యి పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉండిపోయాడు. ఎక్కాల్సిన చిలకలూరిపేట బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరం దాన్ని చూస్తూ నవ్వుకున్నాం.

ఇంటికొచ్చేసరికి కోతలు ముమ్మరం. నడుం పట్టేసిందని అబద్ధమాడి బరువు పనులు మానేశాను. అత్తయ్య మారు మాట్లాడకుండా నా పనీ నెత్తినేసుకుంది. నీడన కూర్చుని తాలుకాయ ఏరడం మాత్రం నాకు మిగిల్చింది. నాలుగు రోజులకల్లా ఏటేటా వచ్చే దగ్గు వచ్చేసింది, ఈసారి జలుబుతో కలిసి. ముక్కు మూసుకుపోయి నాలుక్కి ఉప్పూ కారం కూడా తెలియలేదు. అత్తయ్య ఎప్పట్లాగే పొద్దునా సాయంత్రం నా గ్లాసు నాకు తెచ్చిచ్చింది.

ఒక పొద్దున గ్లాసు నా చేతికిస్తూ ఆవిడ ఆగింది. నా మొహంలోకి చూసి "అమ్మాయ్" అంది.

"ఏంటత్తయ్యా?"

ఆవిడ నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. "ఏం లేదులే. చల్లారకముందే తాగు" అంది. నేను తాగేశాను. ఎన్ని పూటలు తాగానో లెక్క పెట్టలేదు. దగ్గు తగ్గుముఖం పట్టింది.

ఒక మధ్యాహ్నం కల్లంలో కూర్చుని కాయ ఏరుతుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టయింది. లేచి నిలబడేసరికి చీర తడిసిపోయింది. నేను అరిచిన అరుపుకి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది. మా ఆయన కాయ వేసుకుని గుంటూరు యార్డుకు పోయాడు. ఆటో పిలిచి నన్ను ఎక్కించి, తను పక్కన కూర్చుని, తల ఒళ్ళో పెట్టుకుంది. "ఏం కాదులేమ్మా, ఒక్కో నెల అట్టా ఎక్కువ పోతుంది" అంటోంది. ఇంక దాచి ఏం లాభం? "అది కాదత్తయ్యా, నాకు రెండో నెల దాటింది" అన్నాను.

ఆవిడ మొహం ఒక్క క్షణం వెలిగింది. నేను చూశాను. ఏడేళ్ళలో ఆ మొహం అట్లా వెలగడం నేను చూడలేదు. "నిజమా తల్లీ?" అంది. అంతలోనే చూపు నా చీర మీద పడింది.

చిలకలూరిపేట ఆసుపత్రిలో చెయ్యాల్సిందంతా చేశారు. నిలబడలేదు. డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి, ఏమైనా నాటుమందులు తాగావా అని అడిగింది. "లేదండి. దగ్గుకి మిరియాల కషాయం, అంతే" అన్నాను.

"అందులో అడ్డసరం ఉంది డాక్టరమ్మా" అంది అత్తయ్య. గోడకానుకుని నిలబడి ఉంది. "మొదటేటి నుంచీ ఉంది. దీనికి చేదు పడదని ఆకు విడిగా కాచి, వడకట్టి, బెల్లమేసి మిరియాల నీళ్ళలో కలిపేదాన్ని. తెలిస్తే తాగదని చెప్పలేదు."

ఆవిడ ఆకు దాచింది, నేను కడుపు దాచాను. ఇద్దరం మంచికే దాచాం. ఊళ్ళో ప్రతి ఆడదాన్నీ నిలబెట్టి అడిగిన మనిషి నన్ను మాత్రం అడగలేదు. అడిగితే నేను బాధపడతానని. నేను అడగొద్దన్నానని. ఈ ముక్క తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. అమ్మ మీదా? అత్తయ్య మీదా? మూడో నెల దాకా మూసుకు కూర్చోమన్న ఆచారం మీదా? సున్నుండల డబ్బా తెచ్చిన వీధి చివరావిడ మీదా? అందరి మీదా వచ్చింది. ఎవరి మీదా నిలవలేదు.

డాక్టరమ్మ మంచి మనిషి. "తొలి నెలల్లో వాటంతటవే చాలా పోతుంటాయమ్మా. ఆ ఆకు వల్లే అని చెప్పలేం. కాదనీ చెప్పలేం" అంది. నేను మొదటి మాట పట్టుకోబోయాను. అత్తయ్య చివరి మాట పట్టుకుంది.

ఇంటికొచ్చాక నాకు తెలిసొచ్చిందేమిటంటే, నాకు ఏడవడానికి కూడా హక్కు లేదని. మనిషి పోతే మైల ఉంటుంది, దినం ఉంటుంది, వచ్చి పలకరించేవాళ్ళుంటారు. దీనికేం ఉంది? "కడుపు పోయిందట, పాపం" అన్నారు. "నెల తప్పి పడిపోయింది, అంతేలే. మళ్ళీ అవుతుందిలే" అన్నారు. పైరు పోతే మళ్ళీ వేసుకోమన్నట్టు. మా అమ్మ కూడా "అది ఇంకా బిడ్డ కాదుగదే, రక్తం ముద్ద" అంది. నాతో కూర్చుని ఆ చప్పుడు విన్న మా అమ్మే! నన్ను ఊరడించడానికే అంది, నాకు తెలుసు. నెల రోజులు అమ్మతో ఫోన్లో మాట్లాడలేదు. చీరాలలో విన్న ఆ టకటక సంగతి అమ్మకూ నాకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇంక ఎవరికి చెప్పినా ఏం లాభం?

కొన్నాళ్ళకు బంధువుల పెళ్ళికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఎవరో పెద్దావిడ, మా సంగతులు తెలియని మనిషి, అత్తయ్యను అడిగింది. "మనవలెంతమంది వదినా?"

నేను విస్తరిలోకి తల దించుకున్నాను. లేరు అంటుంది, ఆవిడ అయ్యో అంటుంది, నాకు అలవాటేగా.

"ఒకళ్ళమ్మా. పోయారు" అంది అత్తయ్య.

"అయ్యయ్యో, ఎట్టా పోయారు?"

"నా చేతుల మీదే. నేనే పోగొట్టుకున్నాను."

వడ్డించేవాళ్ళతో సహా అందరూ అటు చూశారు. మా ఆయన ఇంటికొచ్చి వాళ్ళమ్మ మీద ఎగిరాడు, పరువు తీశావని. నాకూ కోపం రావాలి. రాలేదు. ఆ రాత్రి మొదటిసారి కడుపారా ఏడ్చాను. ఇంతమందిలో నా బిడ్డను బిడ్డ అన్న మనిషి ఆవిడొక్కతే. ఆ తర్వాత కూడా ఎవరడిగినా అదే జవాబు. ఒకళ్ళు, పోయారు. అది విన్న ప్రతిసారీ నా గుండె కోసుకుపోయేది, అయినా ఆవిడ ఆ మాట మానేస్తే నేను బతకలేననిపించేది. ఇదేం పిచ్చో నాకే అర్థం కాదు.

ఆ ఏడు నుంచి ఆవిడ ఆకు ఇవ్వడం మానేసింది. ఎవరైనా వచ్చి దగ్గితే తలుపు దగ్గరగా వేసేసేది. మందు కొట్టే రోజున చీరలు కప్పడం మానేసింది. మా ఆయన ఒకటికి రెండుసార్లు అడిగాడు, "అమ్మా, గాలి దొడ్డి వైపుందే, కప్పవా?" అని. "కొట్టుకోరా" అంది. అడ్డసరం మీద తెల్లగా మందు పడి ఆరిపోయేది. మొక్కకేం, అది పెరుగుతూనే ఉంది, పూలు పూస్తూనే ఉంది. ఆకు మాత్రం నోట్లో పెట్టుకునేటట్టు లేదు.

ఆవిడకు ఎప్పట్నుంచో ఆయాసం. చిన్నప్పట్నుంచీ మిరప కల్లాల్లో బతికిన మనిషి. కోతల కాలమంతా తన ఆకు తనే కాచుకు తాగి నెట్టుకొచ్చేది. మరీ ఎక్కువైతే డాక్టరిచ్చిన పీల్చే మందు వాడేది. ఇప్పుడు రెండూ మానేసింది. మళ్ళీ కోతలొచ్చేసరికి పిల్లికూతలు మొదలయ్యాయి. పడుకోలేదు, కూర్చోలేదు, మంచంకోడు పట్టుకుని ముందుకు వంగి ఊపిరి లాగేది. డాక్టరు దగ్గరికి పోదామంటే రాదు. పీల్చే మందు చేతిలో పెడితే దిండు కింద పెట్టేది. మా ఆయన బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు. "పీల్చను పోరా. దానికి లేని ఊపిరి నాకెందుకు?" అంది.

నేను చూస్తూ ఊరుకోలేదు. కోతలకు చాలా ముందే, ఆవిడ వాలకం చూసి, కత్తి తీసుకుని దడి మొత్తం మోకాలెత్తుకు నరికేశాను. మందు పడ్డ కొమ్మలన్నీ తీసుకుపోయి తగలబెట్టాను. అడ్డసరాన్ని నరికితే ఏడవదు, రెట్టించి చిగురేస్తుంది. ఆ చిగుళ్ళ మీద మళ్ళీ మందు పడకుండా నా చీరలు తీసి కప్పాను. ఆవిడ కిటికీలోంచి చూసింది. కోతలనాటికి ఆకు ముదిరింది. లేతాకు పనికిరాదు, ముదురాకు కావాలి. పచ్చిది పిండితే రసం రాదు, ఆవిరికి వాడ్చి పిండితే వస్తుంది. ఇవన్నీ నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, ఏళ్ళ తరబడి ఆవిడ చేస్తుంటే కళ్ళప్పగించి చూశాను కదా. కషాయం కాచాను. బెల్లం వెయ్యలేదు, ఆవిడకు చేదు పర్వాలేదు.

ఆ మధ్యాహ్నం ఆవిడ పెదవులు నీలంగా ఉన్నాయి. మా ఆయన ఆటో తీసుకురావడానికి పోయాడు. నేను గ్లాసు, పీల్చే మందు రెండూ తీసుకుని మంచం దగ్గర కింద కూర్చున్నాను.

"తాగండి అత్తయ్యా."

తల అడ్డంగా ఊపింది.

"మీరు ఇట్లా చేస్తే పోయింది తిరిగొస్తుందా? తాగండి, నాకు కోపం తెప్పించకండి!"

"నువ్వు తిట్టు" అంది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి లాగుతూ. "ఇంకా తిట్టు. ఒక్కసారైనా తిట్టలేదు నువ్వు నన్ను. బంగారం లాంటి బిడ్డను..."

ఇంకేం మిగల్లేదు నా దగ్గర. మొక్కులు అయిపోయాయి, అరుపులు అయిపోయాయి. ఆ మనిషి నా కళ్ళముందు పోతోంది. పోవడానికి కారణం నా బిడ్డ. నా బిడ్డ బిడ్డయినంత కాలం ఆవిడ దాన్ని చంపిన మనిషే. ఇంకో దారి లేదు.

"ఏ బిడ్డ అత్తయ్యా?" అన్నాను. "బిడ్డే లేదు. అమ్మతో పోయి చీరాలలో స్కాన్ తీయించుకున్నాను. దానికి గుండే రాలేదని చెప్పారు. ఇవాళో రేపో అదే పడిపోతుందన్నారు. మీ ఆకు తాగకముందే అంతా అయిపోయింది. అది బిడ్డ కాదు, ఉత్త రక్తం ముద్ద."

ఆవిడ నన్ను చూసింది. "మరి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు? సిగ్గేసింది."

"ఒట్టా?"

"ఒట్టు."

మా ఆయన ఎప్పుడొచ్చాడో, గడపలో నిలబడి ఉన్నాడు. నిజం తెలిసిన మనిషి. నా కళ్ళలోకి చూడలేక గోడ వైపు తిరిగాడు. అత్తయ్య మందు తీసుకుని పీల్చింది. ఇంకోసారి పీల్చింది. తర్వాత గ్లాసందుకుని, మొహం కూడా చిట్లించకుండా అడుగుదాకా తాగింది. ఆటోలో నా భుజం మీద తల పెట్టుకుంది. "ఎంత బరువు దించావు తల్లీ" అంది.

కోలుకుంది. మళ్ళీ గుమ్మంలో కూర్చుని దగ్గులు వింటోంది, ఆకు ఇస్తోంది, ఆడవాళ్ళను గదిమి గదిమి అడుగుతోంది. నాకు మాత్రం మళ్ళీ నెల తప్పలేదు, ఇంక తప్పదని డాక్టర్లు చెప్పేశారు. మొన్న ఎవరో పొరుగూరి ఆవిడ ఆకు కోసం వచ్చి, మాటల్లో మనవలెంతమంది అని అడిగింది. నేను దడి దగ్గర ఆకు కోస్తున్నాను.

"లేరమ్మా, మాకు కలగలేదు" అంది అత్తయ్య. మామూలుగానే అంది, ఎక్కడా ఆయాసం లేకుండా. వచ్చినావిడ అడిగినంత ఆకు కోసి, తీసుకొచ్చి అత్తయ్య చేతికిచ్చాను.